తేట నీళ్ళూ, సైనైడు దిబ్బలూ

బాబా గాల్లోంచి విబూది తీస్తే మనం చొక్కా చేతులు పైకి మడవమంటాం. స్వామీజీ నాలుక మీద మంట పెట్టుకుంటే కర్పూరం సంగతి విప్పి చెబుతాం. ఈ విద్యలో మన హేతువాదులు బాగానే ఆరితేరారు. కానీ అదే మహిమ కాషాయం విప్పేసి, మెడకి టై కట్టుకుని, చేతిలో కరెంటు తీగలు పట్టుకుని వస్తే? "సైన్సు కదా, మనకేం తెలుసు" అని మనలోనే చాలామంది నోరు మూసుకుంటారు. నీళ్ళ విషయంలో ఇది మరీ ఎక్కువ. ఎందుకంటే నీటిని మనం కంటితో తూకం వేస్తాం. తేటగా ఉంటే మంచివి, రంగు మారితే చెడ్డవి. ఈ నమ్మకం ఎంత పాతదో అంత ప్రమాదకరమైనది.

ముందు ఇంటి దగ్గరి సంగతి చెబుతాను. తరువాత గనుల దగ్గరికి వెళదాం.

నేనుండేది పుదుచ్చేరిలో మురుంగపాక్కం. కడలూరు రోడ్డు మీద అరియాంకుప్పం వైపు వెళుతుంటే వస్తుంది. సముద్రం దగ్గర, అరియాంకుప్పం ఏరు ఇంకా దగ్గర. బోరు నీళ్ళలో ఉప్పదనం ఈ చుట్టుపక్కల ఎవరికీ కొత్త కాదు. కాబట్టి నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవాళ్ళకి మా వీధి మంచి బేరం. మా పక్కింట్లో యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి కుటుంబం ఉంటుంది. ఒక ఆదివారం ఆయన గోడ మీదుగా కేకేశారు. "ఏవండీ, ఒక్కసారిలా రండి. మా నీళ్ళల్లో ఎంత మురికుందో చూద్దురుగాని."

వెళ్ళాను. బల్ల మీద రెండు గ్లాసులు. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో ఫిల్టరు నీళ్ళు. రెండూ తేటగానే ఉన్నాయి. అమ్మకాల కుర్రాడు రెండు గ్లాసుల్లోనూ లోహపు కడ్డీలు ముంచి, స్విచ్చి వేశాడు. రెండు నిముషాల్లో కుళాయి నీళ్ళ గ్లాసు గోధుమరంగుకి తిరిగింది. మడ్డి తేలింది. ఫిల్టరు గ్లాసు అలాగే ఉంది. "చూశారా సార్, పిల్లలు రోజూ తాగుతున్నది ఇదే" అన్నాడు. ఆ ఇంటావిడ మొహం వాడిపోయింది.

"అమ్మా, కాస్త ఉప్పు ఇస్తారా?" అని అడిగాను. చిటికెడు ఉప్పు ఫిల్టరు గ్లాసులో వేసి కలిపి, మళ్ళీ స్విచ్చి వేయమన్నాను. కుర్రాడు నసిగాడు. అలా చేస్తే మిషను పాడవుతుందన్నాడు. పక్కింటాయన పట్టుబట్టారు. ఒక నిముషంలో ఆ "స్వచ్ఛమైన" నీళ్ళు కుళాయి నీళ్ళకంటే ముదురు రంగుకి తిరిగాయి. మరి మనం వంటింట్లో వాడే ఉప్పు విషమా?

జరిగిందేమిటంటే, ఆ కడ్డీల్లో ఒకటి ఇనుము. నీళ్ళలో లవణాలుంటే కరెంటు పారుతుంది. కరెంటు పారితే ఇనుము కరిగి నీళ్ళలోకి వస్తుంది. అక్కడి ఆక్సిజనుతో కలిసి ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ అనే గోధుమరంగు మడ్డిగా మారుతుంది. తుప్పుకి అది దగ్గరి చుట్టం. ఫిల్టరు నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు పారలేదు, కడ్డీ కరగలేదు. అంటే ఆ మురికి నీళ్ళలోది కానే కాదు, కడ్డీలోది! అలాగని ఆర్వో యంత్రం పనిచేయదని నేను అనడం లేదు. ఉప్పు నీటికి అది నిజంగానే పనికొస్తుంది. పనికొచ్చే వస్తువుని కూడా మోసం చేసి అమ్మేవాళ్ళుంటారు, అంతే.

ఇంతకీ ఈ గోధుమరంగు మడ్డి కథ ఇక్కడితో ఆగదు. ప్రపంచంలో మూతబడ్డ గనుల దగ్గర వాగుల్లో పేరుకునేది కూడా ఇదే. అమెరికాలో పెన్సిల్వేనియా బొగ్గు గనుల వాళ్ళు దాన్ని "ఎల్లో బాయ్" అంటారు. అయితే అక్కడ కన్ను రెండోరకంగా మోసపోతుంది. గని నీరు బాగా ఆమ్లంగా ఉన్నప్పుడు ఇనుము, రాగి, జింకు, కాడ్మియం అన్నీ అందులో కరిగిపోయి ఉంటాయి. నీరు గాజులా తేటగా కనబడవచ్చు. ఆ నీరు దిగువన మంచినీటితో కలిసి ఆమ్లం తగ్గాక, అప్పుడు ఇనుము మడ్డి కట్టి ఏరు ఎర్రబడుతుంది. జనం ఎర్రనీటిని చూసి భయపడతారు. ఎగువన ఉన్న తేటనీరు అంతకన్నా విషం.

ఇది నాకు పుస్తకాల సంగతి మాత్రమే కాదు. మాది చిత్తూరు జిల్లా కుప్పం వైపు. మా మేనమామ కోలార్ బంగారు గనుల్లో, నందిద్రుగ్ గనిలో పనిచేశాడు. 2001లో గనులు మూతబడ్డాక కూడా రాబర్ట్‌సన్‌పేట వదలలేదు. కొన్నాళ్ళ క్రితం ఫోను చేశాడు. "ఒరే అబ్బీ, నువ్వేమో సైన్సు సైన్సని తిరుగుతావు గదా. మా బోరు నీళ్ళల్లో సైనైడు ఉండాదని అంటా ఉండారు ఇక్కడ. తాగొచ్చునా, తాగకూడదా? ఆ ఒక్క మాట చెప్పు."

"మామా, ఆ ఒక్క మాట నేను చెప్పలేను. ఊళ్ళో వాళ్ళూ చెప్పలేరు. లాబ్ వాళ్ళే చెప్పాలి" అన్నాను. ఆయనకి నచ్చలేదు. చదువుకున్నవాడు సూటిగా జవాబు చెప్పడేమిటని ఆయన బాధ. కానీ ఆయన ప్రశ్న వెనక చాలా పెద్ద కథ ఉంది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ కోలార్‌లో దిగింది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతం నుంచి ఆరితేరిన గని పనివాళ్ళను తెచ్చింది. కూలీలు మాత్రం మన చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి వెళ్ళిన తెలుగు, తమిళ పేదలు. 1902కల్లా శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకి దిగింది. మొత్తమ్మీద సుమారు 800 టన్నుల బంగారం తీశారు. 1956లో ప్రభుత్వం చేతికి వచ్చి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయింది. ఆ సంస్థకే అనంతపురం జిల్లా రామగిరి దగ్గర యెప్పమానలోనూ, చిత్తూరు జిల్లా చిగురుగుంట, బిసనత్తంలోనూ గనులుండేవి. 2001 ఫిబ్రవరి 28న కోలార్‌లో పని ఆగింది. పంపులు ఆగాయి. సొరంగాలు నీళ్ళతో నిండాయి. బయట మిగిలింది 13 దిబ్బలు, మూడు కోట్ల టన్నులకు పైగా పిండిలా నూరిన రాయి. ఊళ్ళో వాటి పేరు సైనైడు దిబ్బలు.

పేరు వింటేనే గుండె ఝల్లుమంటుంది కదూ! పలచని సైనైడ్ ద్రావణంలో బంగారం కరుగుతుంది. ఆ పద్ధతికి 1887లో గ్లాస్గోలో పేటెంటు తీసుకున్నారు. ఆ తరువాత ప్రపంచమంతా పాకింది. కానీ రసాయనశాస్త్రం చెప్పే మాట వేరు. సైనైడ్ అంటే కార్బనూ నైట్రోజనూ కలిసిన జంట. ఆ జంట విడిపోగలదు. ఎండ తగిలితే విడిపోతుంది. క్షారగుణం తగ్గితే వాయువై గాల్లో కలుస్తుంది. కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి కూడా. అమెరికాలో దక్షిణ డకోటాలోని హోమ్‌స్టేక్ బంగారు గని 1984 నుంచి బాక్టీరియాతోనే తన సైనైడు నీటిని శుద్ధి చేసింది. దిబ్బ అడుగున, ఎండ తగలని చోట, ఇనుముతో ముడిపడ్డ సైనైడ్ కొంత మిగలొచ్చు. అయినా ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గే సరుకే అది.

ఆర్సెనిక్ అలా కాదు. అది మూలకం. విడిపోవడానికి అందులో రెండో ముక్క లేదు. వందేళ్ళయినా ఆర్సెనిక్ ఆర్సెనిక్కే. దిబ్బకి ఆ పేరు ఎవరూ పెట్టలేదు కాబట్టి దాన్ని గురించి ఎవరూ భయపడరు. మన భయాలు కూడా ఇలా పేరుని బట్టి నడుస్తాయి. నూటికి తొంభైమంది సైనైడు గురించి అడుగుతారు, ఆర్సెనిక్ గురించి ఒక్కరూ అడగరు.

సరే, ఇవి రాయిలోంచి నీళ్ళలోకి ఎలా వస్తాయి? "మూర్ఖుల బంగారం" అని పేరుపడ్డ పైరైట్ ఉంది కదా, అది ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. భూమి లోపల గాలి తగలనంతకాలం దానివల్ల ఏ గొడవా లేదు. తవ్వి, నూరి, గాలికీ వానకీ వదిలేస్తే గంధకం కాస్తా గంధకామ్లం అవుతుంది. ఆమ్లం చుట్టుపక్కల లోహాలను కరిగిస్తుంది. ఈ పనిని లక్షల రెట్లు వేగంగా చేసే బాక్టీరియా ఒకటుంది, ఆమ్లంలోనే హాయిగా బతుకుతుంది. అందుకే ఇది ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగదు. దిబ్బలో సున్నపురాయి లాంటివి తగినంత ఉంటే ఆమ్లం అక్కడే చచ్చిపోతుంది. లేకపోతే వాగు పడుతుంది. కోలార్‌లోనే చూడండి. ప్రధానమైన చాంపియన్ లోడ్‌లో గంధకపు ఖనిజాలు తక్కువ. పడమటి వైపు లోడ్లలో పిరోటైట్, ఆర్సెనోపైరైట్ ఎక్కువ. కాబట్టి ఏ దిబ్బలో ఏముందో దిబ్బ దిబ్బకీ కొలిస్తేనే తెలుస్తుంది. "కేజీఎఫ్ నీళ్ళు విషం" అనే మాటా, "ఏమీ లేదు, అంతా పుకారు" అనే మాటా, రెండూ కొలవకుండా అన్న మాటలే.

పట్టించుకోకపోతే ఏమవుతుందో కార్న్‌వాల్‌లోనే తెలిసింది. అవును, కోలార్‌కి పనివాళ్ళను పంపిన కార్న్‌వాలే. అక్కడ వీల్ జేన్ అనే తగరపు గని 1991లో మూతబడింది. పంపులు ఆపేశారు. సొరంగాల్లో నీరు పెరిగి పెరిగి 1992 జనవరిలో అడ్డు తెంచుకుంది. సుమారు 5 కోట్ల లీటర్ల ఆమ్లజలం ఇనుము, జింకు, కాడ్మియం, ఆర్సెనిక్‌లను మోసుకుని కార్నన్ నదిలోకి పడింది. అది సముద్రాన్ని చేరేచోట నీళ్ళు నారింజరంగుకి తిరిగాయి. అప్పుడు ప్రభుత్వం కదిలింది. 2000 నుంచి అక్కడ సున్నంతో నీటిని శుద్ధిచేసే కేంద్రం నడుస్తూనే ఉంది.

సున్నమే! మనం గోడలకు వేసేది, తాంబూలంలో రాసుకునేది. ఇందులో మంత్రమేమీ లేదు. ఆమ్లనీటిలో సున్నం కలిపి పీహెచ్ పెంచుతారు, గాలి ఊదుతారు. పీహెచ్ మూడున్నర దాటితే ఫెర్రిక్ ఇనుము మడ్డి కడుతుంది. ఐదు దగ్గర అల్యూమినియం, తొమ్మిది దగ్గర జింకు, ఇంకా పైన మాంగనీసు. ఇనుపమడ్డి దిగుతూ దిగుతూ ఆర్సెనిక్‌ని తనకు అంటించుకుని తీసుకుపోతుంది. పక్కింటావిడను భయపెట్టిన ఆ గోధుమరంగు మడ్డే ఇక్కడ విషాన్ని పట్టే చీపురు! మడ్డిని తేర్చి, పిండి, వాన తగలని చోట దాచాలి. నీరు మాత్రం ఇంకా తాగడానికి పనికిరాదు. సున్నంతో సల్ఫేటు జిప్సంగా దిగినా లీటరుకి 1500 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కరిగే ఉంటుంది. మన తాగునీటి ప్రమాణం గట్టి పరిమితి 400. తాగునీరే కావాలంటే ఆ పైన ఆర్వో కూడా పెట్టాలి. దక్షిణాఫ్రికాలో ఎమలాహ్లేని పట్టణానికి 2007 నుంచి బొగ్గు గనుల నీటిని ఇలాగే శుద్ధిచేసి ఇచ్చారు. చేయొచ్చు. ఖర్చవుతుంది, అంతే.

ఇంకో పద్ధతి చెబితే మనవాళ్ళు నవ్వుతారేమో. పేడ! గుంటలో పేడ, రంపపుపొట్టు, సున్నపురాయి నింపి, గాలి తగలకుండా, గని నీటిని నెమ్మదిగా పారిస్తారు. గాలి లేనిచోట బతికే బాక్టీరియా ఆ పేడలోని కార్బనుని తిని, సల్ఫేటుని సల్ఫైడుగా మారుస్తుంది. ఆ సల్ఫైడు లోహాలను పట్టి మళ్ళీ రాయిలాగే అడుగున దించుతుంది. గనిలో జరిగిన కథని వెనక్కి తిప్పడమన్నమాట. కరెంటు అక్కర్లేదు. పేడతో రేడియేషను ఆగుతుందని చెప్పేవాళ్ళను మనం వెక్కిరించాం, సరిగానే వెక్కిరించాం. అదే పేడ ఇక్కడ పనిచేస్తుందని ఒప్పుకోవడానికి మనకి నామోషీ ఉండకూడదు. తేడా ఒక్కటే. ఇక్కడ లోపలికి వెళ్ళే నీటినీ బయటికొచ్చే నీటినీ కొలుస్తారు. లెక్క తప్పితే గుంట మార్చేస్తారు. పేడ పవిత్రతని నమ్మి ఎవరూ కూర్చోరు.

ఇప్పుడు మామ ఇంటికి వద్దాం. ఆయనకి అప్పటికే సలహాలు బోలెడు వచ్చాయి. ఇందుపగింజ అరగదీసి కలపమన్నారొకరు. రాగిచెంబులో రాత్రంతా ఉంచమన్నారొకరు. మరగకాచమన్నారు ఇంకొకరు. ఇందుపగింజ బురదని తేరుస్తుంది, నిజమే. కరిగిన ఆర్సెనిక్‌ని ఏమీ చేయలేదు. రాగిచెంబు కొన్ని క్రిముల మీద పనిచేస్తుంది, లోహాల మీద కాదు. మరగకాస్తే క్రిములు చస్తాయి, కానీ నీరు ఆవిరై తగ్గుతుంది కాబట్టి లోహాలు ఇంకాస్త చిక్కబడతాయి! ఇవి కాక ఎవరో టీడీఎస్ మీటరు తెచ్చి ముంచి, "అంకె బాగుంది, తాగండి" అని చెప్పి వెళ్ళారట. ఒక చిన్న లెక్క వేయండి. తాగునీటిలో ఆర్సెనిక్ హద్దు లీటరుకి 0.01 మిల్లీగ్రాము. దానికి ఐదు రెట్లు ఉన్నా 0.05. ఆ మీటరు 500, 501 అని పూర్తి అంకెల్లో చూపిస్తుంది. 0.05ని అది ఎలా పసిగడుతుంది? గోనెసంచుల కాటా మీద ఆవగింజని తూచినట్టే.

కాబట్టి పరీక్ష ఒక్కటే దారి. సీసాలో పట్టడం కూడా పద్ధతిగా జరగాలి. లోహాలకు ఒక సీసా, దాంట్లో కాస్త నైట్రిక్ ఆమ్లం వేస్తారు. సైనైడ్‌కి వేరే సీసా, దాంట్లో క్షారం వేసి చల్లగా, చీకట్లో ఉంచుతారు. సీసాలు తారుమారైతే ఉన్న సైనైడు కూడా వాయువై ఎగిరిపోయి "లేదు" అని తప్పుడు జవాబు వస్తుంది. అందుకే లాబ్ వాళ్ళిచ్చిన సీసాలోనే, వాళ్ళు చెప్పినట్టే పట్టమని మామకి మూడుసార్లు చెప్పాను.

ఫలితం వచ్చింది. సైనైడ్ కనబడలేదు. ఆర్సెనిక్ హద్దు లోపలే ఉంది. ఫ్లోరైడు మాత్రం హద్దు మించింది! కోలార్ జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఉన్నదే, దానికి గని అక్కర్లేదు, కింద రాయే చాలు. అప్పుడు ఆయనకి మనవరాలి పళ్ళు గుర్తొచ్చాయి. ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలు. సరిగ్గా తోముకోవడం లేదని ఆ పిల్లని ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ తిట్టారు. "దిబ్బను చూసి ఇన్నేండ్లు భయపడితిమి గదరా, అది కాళ్ళకిందనే ఉండె" అన్నాడు మామ. తాగడానికీ వంటకీ ఆ బోరు ఆపేశారు. ఫ్లోరైడుకి మందు మనవాళ్ళకు తెలిసిందే. నాగపూరులోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి పేరే నల్గొండ టెక్నిక్. పటిక, సున్నం లెక్కప్రకారం కలిపి తేర్చడం. మోతాదు ఎంతో మళ్ళీ పరీక్ష చెప్పాల్సిందే.

దీన్నిబట్టి దిబ్బలు నిర్దోషులని నేను తీర్పు చెప్పడం లేదు. ఇది ఒక బోరు, ఒక రోజు, ఒక సీసా. రెండు వీధుల అవతల బోరు వేరే మాట చెప్పొచ్చు. వానాకాలం తరువాత ఇదే బోరు వేరే మాట చెప్పొచ్చు. అందుకే ఈ పని ఇంటింటి పెద్దలు సొంత డబ్బుతో చేసుకునేది కాదు, ప్రభుత్వం ఏటా చేసి అంకెలు బయటపెట్టాల్సింది.

గని మూసేటప్పుడు ఏం చేయాలో ముందే ప్రణాళిక రాసి, దానికి పూచీ డబ్బు కట్టాలనే నిబంధన మన దేశంలో 2003లో వచ్చింది. కోలార్ 2001లోనే మూతబడింది. రెండేళ్ళ తేడాలో ఆ ఊరు చట్టం కిందికి రాకుండా జారిపోయింది. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఆ 13 దిబ్బలనూ మళ్ళీ తవ్వి మిగిలిన బంగారం తీసుకునే కేంద్రం ప్రతిపాదనకు ఒప్పుకుంది. తవ్వకం తప్పని నేను అనను. ఉద్యోగాలు రావొచ్చు, దిబ్బలే తరిగిపోవచ్చు. కానీ ఇన్నేళ్ళుగా కుదురుకుని ఉన్న పిండిని కదిలిస్తే కొత్త గాలి, కొత్త వాన దానికి తగులుతాయి.

కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు ఇవి. పలుగు పడకముందే చుట్టూ ఉన్న బావులూ బోర్లూ చెరువులూ పరీక్షించి అంకెలు కన్నడంలో, తెలుగులో, తమిళంలో ఊరి గోడల మీద రాస్తారా? దిబ్బల నుంచి కారే నీటిని ఎక్కడ పట్టి, దేనితో శుద్ధి చేస్తారు? బంగారం అయిపోయి కంపెనీ వెళ్ళిపోయాక ఆ సున్నం ఖర్చు ఎవరిది, ఎన్నేళ్ళ పాటు? బాబాని చొక్కా చేతులు మడవమని అడిగినంత ధైర్యంగా ఇవి అడగగలిగితే మన హేతువాదం కోలార్ జనానికి కాస్తయినా ఉపయోగపడినట్టు.